సముద్రపు అడుగున తీసే సైస్మిక్ చిత్రాల్లో మల్టిపుల్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

జియోఫిజిక్స్ చదివే విద్యార్థులు, కొత్తగా డేటా ప్రాసెసింగ్ ఉద్యోగంలో చేరినవాళ్లు, సముద్రం కింద గ్యాస్ ఎలా కనిపెడతారో తెలుసుకోవాలనుకునేవాళ్లు మాటిమాటికీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. అక్కడక్కడా చిన్న లెక్కలున్నాయి. కాగితం మీద మీరూ వేసి చూడండి. ఈ విషయం చదివితే సగమే అర్థమవుతుంది, లెక్క వేస్తేనే పూర్తిగా పట్టుబడుతుంది.

మల్టిపుల్ అంటే ఏమిటి?

ఓడ వెనక ఎయిర్‌గన్ (గాలిని ఒక్కసారిగా వదిలి శబ్దం పుట్టించే పరికరం) పేలుతుంది. ఆ శబ్దం నీటిలోంచి దిగి నేల పొరల్లోకి వెళ్తుంది. రెండు పొరలు కలిసే ప్రతి చోటా కొంత శక్తి వెనక్కి తిరిగి వస్తుంది. ఇలా ఒకే ఒక్కసారి ప్రతిఫలించి వచ్చిన అలను ప్రైమరీ అంటాం. మనకు కావలసింది ఇదే, ఎందుకంటే అది రావడానికి పట్టిన సమయాన్ని బట్టే పొర ఎంత లోతులో ఉందో లెక్క కడతాం. అలా గీసిన నేల లోపలి చిత్రమే సైస్మిక్ చిత్రం.

కానీ పైకి వచ్చిన అల అక్కడితో ఆగదు. నీటి పైతలానికి తగిలి మళ్లీ కిందికి వెళ్తుంది, సముద్రపు నేలకు తగిలి మళ్లీ పైకి వస్తుంది. సెలూన్‌లో ఎదురెదురుగా అద్దాలుంటే ఒక్క మనిషే వరసగా లోపలికి లోపలికి కనిపిస్తాడు కదా, ఇక్కడ ఆ రెండు అద్దాలు నీటి పైతలం, సముద్రపు నేల. ఇలా ఒకటికి మించి ప్రతిఫలించి ఆలస్యంగా చేరిన అలే మల్టిపుల్. దాన్ని గుర్తించకుండా వదిలేస్తే, అసలు లేని పొర లోతులో ఉన్నట్టు చిత్రంలో కనిపిస్తుంది.

నేల మీద చేసే సర్వేల కంటే సముద్రంలో ఈ బాధ ఎందుకు ఎక్కువ?

నీటి పైతలమే కారణం. కింద నీరు, పైన గాలి. ఈ రెండింటికీ పొంతనే లేదు కాబట్టి కింది నుంచి వచ్చిన శక్తి దాదాపు మొత్తం వెనక్కి పోతుంది. ప్రతిఫలన గుణకం (వచ్చిన అలలో ఎన్నో వంతు తిరిగి వస్తుందో చెప్పే సంఖ్య) ఇంచుమించు −1. ఆ మైనస్ గుర్తును గుర్తుపెట్టుకోండి, ముందు ముందు చాలా పనికొస్తుంది.

సముద్రపు నేల గుణకం 0.3 అనుకుందాం. గట్టి నేల ఉన్నచోట ఇది మామూలే. నేల నుంచి వచ్చే ప్రైమరీ బలం 0.3. నీటిలో ఇంకో చుట్టు తిరిగి వచ్చిన మొదటి మల్టిపుల్ బలం 0.3 × (−1) × 0.3, అంటే −0.09. లోతులో మనం వెతుకుతున్న ఇసుకరాయి పొర గుణకం 0.05 ఉండటమే ఎక్కువ. దూరంతో తగ్గే బలాన్ని పక్కన పెట్టి చూసినా, అక్కర్లేని అల కావలసిన అల కంటే గట్టిగా వినిపిస్తోందన్నమాట. టెన్షన్ అంతా ఇక్కడే.

కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఇది ఎంత ముఖ్యం?

చాలా ముఖ్యం. కాకినాడ తీరానికి అవతల, బంగాళాఖాతం లోతు నీళ్లలో 2002లో రిలయన్స్ కేజీ-డీ6 గ్యాస్ కనుక్కుంది, 2009లో ఉత్పత్తి మొదలైంది. అదే బ్లాకులో ఆర్ క్లస్టర్ నుంచి 2020 డిసెంబర్‌లో గ్యాస్ వచ్చింది. పొరుగున ఉన్న ఓఎన్‌జీసీ లోతునీటి బ్లాకు నుంచి 2024 జనవరిలో చమురు వచ్చింది. ఈ నిక్షేపాలన్నీ బావులు తవ్వకముందు సైస్మిక్ చిత్రాల్లోనే కనిపించాయి.

ఇప్పుడు లెక్క చూడండి. నీటి లోతు 1,200 మీటర్లు, నీటిలో శబ్ద వేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు. సముద్రపు నేలకు వెళ్లి రావడానికి 1.6 సెకన్లు. కాబట్టి మొదటి మల్టిపుల్ 3.2 సెకన్ల దగ్గర, రెండోది 4.8 దగ్గర. మట్టి పొరల్లో వేగం సెకనుకు 2,000 మీటర్లు అనుకుంటే 3.2 సెకన్లు అంటే నేల కింద 1,600 మీటర్లు. గ్యాస్ ఉన్న ఇసుక పొరల కోసం వెతికే లోతుల్లోనే మల్టిపుల్ వచ్చి కూర్చుంటుంది.

సెక్షన్ (నేలను నిలువుగా కోసినట్టు చూపే చిత్రం) చూడగానే మల్టిపుల్‌ని గుర్తుపట్టవచ్చా?

సముద్రపు నేల మల్టిపుల్‌ని పట్టవచ్చు. మూడు గుర్తులున్నాయి. అది సముద్రపు నేల సమయానికి సరిగ్గా రెట్టింపు దగ్గర వస్తుంది. దాని పోలారిటీ, అంటే అల ప్లస్ వైపు ఉందా మైనస్ వైపు ఉందా అన్నది, తిరగబడి ఉంటుంది (ఇందాకటి మైనస్ గుర్తు వల్ల). సముద్రపు నేల ఏటవాలుగా ఉంటే మల్టిపుల్ ఏటవాలు ఇంచుమించు రెట్టింపుగా కనిపిస్తుంది.

మన తీరంలో ఒక తికమక ఉంది. కేజీ బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ (మంచులాంటి గడ్డల్లో చిక్కుకున్న గ్యాస్) నిక్షేపాలున్నాయి. 2006లో జాయిడిస్ రిజల్యూషన్ అనే ఓడ జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద వచ్చి తవ్వి నిర్ధారించింది. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఏళ్లుగా వీటి మీద పనిచేస్తున్నారు. హైడ్రేట్ పొర అడుగున స్వేచ్ఛగా ఉన్న గ్యాస్ చేరితే బీఎస్‌ఆర్ (బాటమ్ సిమ్యులేటింగ్ రిఫ్లెక్టర్, అంటే సముద్రపు నేలను అనుకరించే ప్రతిఫలనం) అనే గీత కనిపిస్తుంది. అదీ సముద్రపు నేలకు సమాంతరంగానే నడుస్తుంది, దాని పోలారిటీ కూడా తిరగబడే ఉంటుంది! అంటే చూడగానే దాన్ని మల్టిపుల్‌గా పొరబడవచ్చు. తేడా సమయంలో ఉంది. బీఎస్‌ఆర్ సముద్రపు నేలకు కొద్దిగా కింద, వందల మీటర్ల లోపే వస్తుంది. మల్టిపుల్ రెట్టింపు సమయం దగ్గర వస్తుంది. నీటి లోతు మారుతూ పోయేచోట బీఎస్‌ఆర్ నేలతో పాటే నడుస్తుంది, మల్టిపుల్ రెండింతల వాలుతో దూరంగా జారిపోతుంది. విద్యార్థులను నేను మొదట అడిగే ప్రశ్న ఇదే.

లోపలి పొరల నుంచి పుట్టే మల్టిపుల్స్ మాత్రం కంటికి ఇంత తేలిగ్గా చిక్కవు.

ఘోస్ట్, మల్టిపుల్ ఒకటేనా?

దగ్గరి చుట్టాలు. ఓడ వెనక లాక్కెళ్లే స్ట్రీమర్ (రిసీవర్లున్న పొడవాటి కేబుల్) నీటి పైతలానికి కొద్ది మీటర్ల కింద ఉంటుంది. అల దాన్ని దాటి పైకి వెళ్లి, పైతలానికి తగిలి, వెంటనే మళ్లీ దాన్ని తాకుతుంది. ఈ రెండో తాకిడే ఘోస్ట్. మధ్య సమయం చాలా తక్కువ కాబట్టి వేరే గీతగా కనిపించదు, కొన్ని ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది. స్ట్రీమర్ 7.5 మీటర్ల లోతులో ఉంటే నిట్టనిలువు అలకు 100 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది. 15 మీటర్లకు దింపితే ఆ గుంట 50 దగ్గరికి వస్తుంది. ఎయిర్‌గన్ వైపూ ఇలాంటి ఘోస్టే ఉంటుంది.

రికార్డింగ్ పరికరాలను సముద్రపు అడుగునే పెడితే ఏం లాభం?

పెద్ద జవాబు ఇది, ఓపిగ్గా చదవండి.

అడుగున పెట్టే కేబుల్‌లో గానీ నోడ్‌లో (విడిగా పెట్టే రికార్డింగ్ డబ్బాలో) గానీ రెండు రకాల చెవులుంటాయి. హైడ్రోఫోన్ నీటి ఒత్తిడిని కొలుస్తుంది. జియోఫోన్ నేల కదలికను కొలుస్తుంది. ఒత్తిడికి దిశ లేదు. అల కింది నుంచి వచ్చినా పై నుంచి వచ్చినా హైడ్రోఫోన్‌కు ఒకటే. జియోఫోన్ అలా కాదు, పైకి వెళ్లే అలను ప్లస్ అని రాస్తే కిందికి దిగే అలను మైనస్ అని రాస్తుంది. రెండింటినీ సరైన కొలతతో కలిపితే పై నుంచి దిగే అలలు రద్దయి, కింది నుంచి వచ్చేవి మిగులుతాయి. తీసివేస్తే దిగేవి మిగులుతాయి. దీన్నే పీజెడ్ సమ్మేషన్ అంటారు (పీ అంటే ఒత్తిడి, జెడ్ అంటే నిలువు కదలిక).

ఫ్రీక్వెన్సీల్లో చూస్తే ఇంకా అందంగా ఉంటుంది. నీటి లోతు 75 మీటర్లు అనుకోండి. అల పైతలానికి వెళ్లి తిరిగి రావడానికి 100 మిల్లీసెకన్లు. హైడ్రోఫోన్ స్పెక్ట్రమ్‌లో 10, 20, 30 హెర్ట్జ్ దగ్గర గుంటలు పడతాయి. జియోఫోన్‌లో 5, 15, 25 దగ్గర పడతాయి. ఒకదాని గుంట దగ్గర రెండోదానికి శిఖరం ఉంటుంది. ఒకటి విననిది ఇంకొకటి వింటుంది.

కలిపే కొలత ఎంత అన్నదే అసలు చిక్కు. పై నుంచి దిగిన అల సముద్రపు నేలకు తగిలి కొంత వెనక్కి పోతుంది, ఆ భాగం కూడా రెండు పరికరాల్లోనూ నమోదవుతుంది. నేల గుణకం ఆర్ అయితే హైడ్రోఫోన్‌కు చేరేది (1 + ఆర్) వంతు, జియోఫోన్‌కు చేరేది (1 − ఆర్) వంతు. కాబట్టి జియోఫోన్‌ను ఒత్తిడి యూనిట్లలోకి మార్చాక ఇంకా (1 + ఆర్) ÷ (1 − ఆర్) తో గుణించాలి. ఆర్ 0.3 అయితే ఇది దాదాపు 1.86. బార్, శాండర్స్ 1989లో చూపించిన పద్ధతి ఇదే. ఆర్ ఎంతో ముందే తెలియకపోతే ఫర్వాలేదు, వేర్వేరు విలువలు వేసి చూసి, మల్టిపుల్స్ శక్తి ఎక్కడ కనిష్ఠానికి పడిపోతుందో అక్కడ ఆగాలి.

నిజం డేటాలో రెండు తలనొప్పులు ఎదురవుతాయి. మొదటిది, మెత్తటి బురద మీద జియోఫోన్ గట్టిగా కుదురుకోదు, ఒరిగిపోవచ్చు. అందుకే ఒక్క సంఖ్యతో గుణిస్తే చాలదు, ఫ్రీక్వెన్సీని బట్టి మారే ఫిల్టర్ కావాలి. రెండోది, నేల దగ్గర చెల్లాచెదురైన షియర్ అలలు (నేలను పక్కకు ఊపుతూ వెళ్లేవి, నీటిలో నడవనివి) నిలువు జియోఫోన్‌లో జొరబడతాయి. హైడ్రోఫోన్‌లో వాటి జాడ ఉండదు. వాటిని ముందే తగ్గించకుండా కలిపేస్తే మల్టిపుల్ పోయినా చిత్రం నిండా గోల మిగులుతుంది. నా దృష్టిలో పీజెడ్ పని బాగా రాలేదని ఎవరన్నా అంటే నూటికి తొంభై పాళ్లు ఈ రెండో కారణాన్నే ముందు చూడాలి.

పీజెడ్ చేశాక కూడా మల్టిపుల్స్ మిగిలాయి. ఎందుకని?

అది రిసీవర్ వైపు చుట్లను మాత్రమే తీస్తుంది. ఎయిర్‌గన్ వైపు నీటిలో అదనంగా తిరిగి, తర్వాత నేలలోకి దిగి, కింది నుంచే పైకి వచ్చిన అల నోడ్‌కు నిజమైన పైకి వచ్చే అలగానే కనిపిస్తుంది. దాన్ని దిశతో పట్టలేం.

దీనికి మంచి విరుగుడు అప్-డౌన్ డీకన్వల్యూషన్. ఆముండ్‌సెన్ 2001లో దీన్ని వివరంగా రాశారు. నోడ్ దగ్గరికి పై నుంచి దిగిన అలలన్నీ (మొదటి దెబ్బ, దాని వెనక నీటి చుట్లు) భూమికి ఇచ్చిన ఇన్‌పుట్. కింది నుంచి తిరిగి వచ్చింది అవుట్‌పుట్. అవుట్‌పుట్‌ను ఇన్‌పుట్‌తో భాగిస్తే భూమి స్పందన ఒక్కటే మిగులుతుంది. నీటి పైతలం వల్ల పుట్టిన మల్టిపుల్స్‌తో పాటు ఎయిర్‌గన్ సంతకం (దాని శబ్దపు రూపం) కూడా పోతుంది. ఆ సంతకం ముందుగా తెలియాల్సిన అవసరమే ఉండదు. అయితే సులువుగా చేసే రూపం పొరలు ఇంచుమించు అడ్డంగా ఉన్నాయని నమ్ముతుంది, పైన షాట్లు (ఎయిర్‌గన్ పేలుళ్లు) దట్టంగా జరిగి ఉండాలి. నేల బాగా ఎగుడుదిగుడుగా ఉన్నచోట బహుమితీయ రూపం వాడాలి, దానికి కంప్యూటర్ ఖర్చు ఎక్కువ.

ప్రిడిక్టివ్ డీకన్వల్యూషన్ పాతబడిపోయిందా?

లేదు. 1959లో బాకస్ నీటి చుట్లను మూడు సంఖ్యల ఫిల్టర్‌తో ఎలా తీసేయవచ్చో చూపించారు. 1969లో పీకాక్, ట్రైటెల్ ప్రిడిక్టివ్ పద్ధతిని స్థిరపరిచారు. మల్టిపుల్ క్రమం తప్పకుండా వస్తుంది కాబట్టి ముందున్న డేటా నుంచే దాన్ని ఊహించి తీసేయవచ్చు, ప్రైమరీలు అలా ఊహకు అందవు. లోతు తక్కువ ఉన్న నీళ్లలో, టౌ-పీ డొమైన్‌లో (డేటాను అలల వాలును బట్టి విడదీసిన రూపంలో) చేస్తే ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. లోతు నీళ్లలో చుట్టుకు రెండు సెకన్లు పడితే ఫిల్టర్ అంత పొడుగ్గా పెట్టడం అర్థం లేని పని.

రాడాన్ డీమల్టిపుల్ ఎప్పుడు నమ్మవచ్చు?

వేగాల తేడా ఉన్నప్పుడు. 1986లో హాంప్సన్ ప్రవేశపెట్టిన పారాబోలిక్ రాడాన్ (అలలను వాటి వంపును బట్టి విడదీసే గణిత పద్ధతి) ఈ తేడా మీదే నిలబడుతుంది. మల్టిపుల్ ఎక్కువ సేపు నీటిలోనే గడిపింది కాబట్టి దాని వేగం తక్కువ, దూరంగా ఉన్న రిసీవర్లకు అది ఎక్కువ ఆలస్యంగా చేరుతుంది.

ఇందాకటి 3.2 సెకన్ల ఉదాహరణే తీసుకోండి. మూడు కిలోమీటర్ల ఆఫ్‌సెట్ (ఎయిర్‌గన్‌కు, రిసీవర్‌కు మధ్య దూరం) దగ్గర మల్టిపుల్ మూవ్‌అవుట్ (ఆ దూరం వల్ల కలిగే ఆలస్యం) సుమారు 574 మిల్లీసెకన్లు, అదే సమయంలో ఉన్న ప్రైమరీది సుమారు 422. మధ్యలో 150 మిల్లీసెకన్ల తేడా, హాయిగా విడదీయవచ్చు. అదే 500 మీటర్ల ఆఫ్‌సెట్ దగ్గర తేడా 5 మిల్లీసెకన్లు కూడా ఉండదు. అక్కడ రాడాన్ గుడ్డిది. మల్టిపుల్ మొండిగా మిగిలేది దగ్గరి ఆఫ్‌సెట్లలోనే. స్టాక్ చేస్తే (అన్ని ఆఫ్‌సెట్ల రికార్డులను కలిపితే) కొంత అణిగిపోతుంది కానీ, ఏవీఓ (ఆఫ్‌సెట్‌తో అల బలం ఎలా మారుతుందో చూసే విశ్లేషణ) చేయాలనుకునేవాళ్లు దగ్గరి ట్రేసుల్లో (ఒక్కో రిసీవర్ రికార్డుల్లో) మిగిలిన మల్టిపుల్‌ని గ్యాస్ సంకేతం అని పొరబడే ప్రమాదం ఉంది.

ఎస్‌ఆర్‌ఎంఈ అంటే? అందరూ దాన్నే ఎందుకు పొగుడుతారు?

పూర్తి పేరు సర్ఫేస్ రిలేటెడ్ మల్టిపుల్ ఎలిమినేషన్. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో బెర్కౌట్, వెర్షూర్, వాపెనార్ల పని నుంచి వచ్చింది. 1992 నాటి పేపర్ దీనికి మూలస్తంభం. నీటి పైతలం మల్టిపుల్ ఏదైనా రెండు రికార్డయిన అలలను నీటి పైతలం దగ్గర అతికిస్తే తయారవుతుంది. కాబట్టి డేటాను డేటాతోనే కన్వాల్వ్ చేసి (అంటే లెక్కలోనే అతికించి) మల్టిపుల్స్ నమూనా తయారు చేస్తారు. భూమిలో వేగాల గురించి ఏమీ తెలియక్కర్లేదు. అందుకే అంత పేరు.

బలహీనతలు లేకపోలేదు. దగ్గరి ఆఫ్‌సెట్లు డేటాలో ఉండాలి. లోతు తక్కువ నీళ్లలో సముద్రపు నేల ప్రతిఫలనం సరిగ్గా రికార్డు కానే కాదు, కాబట్టి అక్కడ తెలిసిన నీటి లోతుతో నీటి పొర నమూనా కట్టి మల్టిపుల్స్ ఊహించడం మేలు. నోడ్ డేటాలో ఇంకో ఇబ్బంది ఉంది. షాట్లు పైన, రిసీవర్లు అడుగున ఉంటాయి కాబట్టి డేటాను డేటాతో నేరుగా అతికించలేం. అక్కడ స్ట్రీమర్ డేటా గానీ నీటి పొర నమూనా గానీ తోడు కావాలి.

మల్టిపుల్స్‌ని పారేయకుండా వాడుకోవచ్చా?

తప్పకుండా. ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇది.

వెయ్యి మీటర్ల లోతులో, ఒకదానికొకటి వందల మీటర్ల దూరంలో నోడ్లు పెట్టామనుకోండి. సముద్రపు నేలకు వెంటనే కింద ఉన్న పొరలు పైకి వచ్చే అలల్లో అక్కడక్కడా మచ్చల్లా మాత్రమే కనిపిస్తాయి, ఎందుకంటే ప్రతి నోడ్ తన చుట్టూ కొద్ది జాగానే చూస్తుంది. అదే పొర నుంచి పైకి వచ్చి, నీటి పైతలానికి తగిలి, నోడ్ మీదికి దిగిన అల మాత్రం చాలా విశాలమైన ప్రాంతాన్ని తాకి వస్తుంది. నోడ్ సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల పైన ఉందని కంప్యూటర్‌కు చెప్పి, దిగే అలలతో చిత్రం తయారు చేస్తే పైపొరలు శుభ్రంగా, నిండుగా వస్తాయి. దీన్ని మిర్రర్ ఇమేజింగ్ అంటారు. పీజెడ్‌లో తీసివేసి పక్కన పెట్టిన భాగమే ఇప్పుడు పనికొస్తోంది. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోని అట్లాంటిస్ క్షేత్రంలో 2005-06లో జరిగిన నోడ్ సర్వే నుంచి లోతు నీళ్లలో నోడ్లు పెట్టడం ఊపందుకుంది. ఇప్పుడు నోడ్ డేటాతో పాటు మిర్రర్ చిత్రం ఇవ్వడం మామూలైపోయింది.

నీటితో సంబంధం లేని మల్టిపుల్స్ ఉంటాయా?

ఉంటాయి. రెండు గట్టి పొరల మధ్యే అల తిరుగుతూ ఉంటే ఇంటర్‌బెడ్ మల్టిపుల్ పుడుతుంది. నీటి పైతలం ప్రమేయం లేదు కాబట్టి ఎస్‌ఆర్‌ఎంఈ, అప్-డౌన్ రెండూ దాన్ని తాకవు. బ్రెజిల్ తీరంలో ఉప్పు పొరల కింద, మన పశ్చిమ తీరం అవతల దక్కన్ బసాల్ట్ కింద ఇవి బాగా ఇబ్బంది పెడతాయి. వీటికి మార్చెంకో లాంటి కొత్త పద్ధతులు వచ్చాయి, రోజువారీ పనిలో ఇంకా అంత తేలిగ్గా వాడలేం.

తీసివేత సరిగ్గా జరిగిందని ఎలా తెలుస్తుంది?

తీసేసిన దాన్ని చూడండి. ముందు చిత్రం, తర్వాత చిత్రం పక్కపక్కన పెట్టి ‘శుభ్రంగా ఉంది’ అనుకుంటే చాలదు. రెండింటి తేడాను మూడో సెక్షన్‌గా వేసుకోవాలి. అందులో నీటి చుట్ల గీతలే ఉండాలి. ఫాల్టులు, పొరల అంచులు, మనకు తెలిసిన ప్రైమరీల రూపం కనిపిస్తే వాటిని కూడా కోసేశామన్నమాట.

నమూనాను డేటాకు సరిపోల్చి తీసివేసే అడాప్టివ్ దశలో ఈ ప్రమాదం ఎక్కువ. ఫిల్టర్ డేటా శక్తిని వీలైనంత తగ్గించాలని చూస్తుంది. మల్టిపుల్, ప్రైమరీ ఒకదానిమీద ఒకటి పడ్డచోట ప్రైమరీని కూడా లాగేస్తే శక్తి ఇంకా తగ్గుతుంది కాబట్టి నిరభ్యంతరంగా లాగేస్తుంది. ఫిల్టర్ పొట్టిగా, కిటికీ పెద్దదిగా ఉంచితే కొంత కాపాడుకోవచ్చు. కొద్దిగా మల్టిపుల్ మిగిలినా నేను ఒప్పుకుంటాను. ప్రైమరీకి దెబ్బ తగలడం ఒప్పుకోను. మిగిలిన మల్టిపుల్‌ని తర్వాతి దశలో పట్టవచ్చు, పోయిన ప్రైమరీని ఎవరూ తేలేరు.

ఆటోకోరిలేషన్‌లో (డేటాను దానితోనే జరిపి పోల్చే లెక్కలో) నీటి చుట్టు సమయం దగ్గర శిఖరం తగ్గిందా అని చూడండి. దగ్గర్లో బావి ఉంటే దాని లాగ్‌తో (బావిలో తీసిన కొలతలతో) కట్టిన సింథటిక్‌తో, అంటే లెక్కతో తయారు చేసిన రికార్డుతో, పోల్చండి. వీఎస్‌పీ (వర్టికల్ సైస్మిక్ ప్రొఫైల్, రిసీవర్లను బావిలోకి దింపి చేసే సర్వే) ఉంటే అంతకంటే అదృష్టం లేదు. పైకి వెళ్లే, కిందికి దిగే అలలు రెండూ బావి లోపలే రికార్డయి ఉంటాయి.

ఏఐ ఈ పని చేసేస్తుందా?

కొన్ని చోట్ల చేస్తోంది, ముఖ్యంగా అడాప్టివ్ తీసివేతలో. కానీ న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పడానికి మల్టిపుల్ లేని డేటా కావాలి. నిజమైన సముద్రంలో అది దొరకదు, కృత్రిమంగా తయారు చేయాల్సిందే. పై ప్రశ్నలో చెప్పిన తనిఖీలు ఏఐ ఫలితానికీ అక్షరాలా వర్తిస్తాయి.

ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు, పైసా ఖర్చు లేకుండా. సైస్మిక్ యూనిక్స్, మడగాస్కర్ అనే రెండు సాఫ్ట్‌వేర్లు ఉచితం. మామూలు ల్యాప్‌టాప్‌లో లినక్స్ మీద నడుస్తాయి. డేటాకు ఉత్తర సముద్రపు వైకింగ్ గ్రాబెన్ లైన్ తీసుకోండి. మొబిల్ సంస్థ అందరికీ ఇచ్చిన ఈ డేటాలో మల్టిపుల్స్ దండిగా ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో ఉస్మానియాలోనో జియోఫిజిక్స్ చదువుతుంటే మీ మాస్టారిని అడగండి, ప్రాజెక్టుగా ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

మొదటి రోజే ఎస్‌ఆర్‌ఎంఈ జోలికి వెళ్లకండి. ముందు ఒక షాట్ గ్యాదర్ (ఒక్క పేలుడుకు అన్ని రిసీవర్ల రికార్డులు) తెరిచి సముద్రపు నేల సమయం చదవండి. దాన్ని రెట్టింపు చేసి అక్కడ ఏముందో, పోలారిటీ ఎటు ఉందో రాసుకోండి. తర్వాత వెలాసిటీ స్పెక్ట్రమ్ (ఏ సమయంలో వచ్చిన అలకు ఏ వేగం సరిపోతుందో చూపే పటం) వేసి 1,500 దగ్గర నిలువుగా దిగే బొట్లను గుర్తించండి, అవన్నీ నీటి చుట్లే. ఆ తర్వాత ప్రిడిక్టివ్ డీకన్వల్యూషన్, ఆపైన రాడాన్. ప్రతి దశలోనూ తేడా సెక్షన్ వేసి, తీసేసిన అల ఏ దారిలో తిరిగి వచ్చిందో కాగితం మీద గీసుకోండి. గీత గీయలేకపోతే తర్వాతి దశకు వెళ్లకండి.